అప్‌డేట్: సీజన్ మొదట్లో కాలేజ్ బేస్‌బాల్ అంకెలను ఎంతవరకు నమ్మాలి?

ఫిబ్రవరిలో మొదటి రెండు వారాంతాల బ్యాటింగ్ యావరేజ్, ఈఆర్‌ఏ (పిచ్చర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చే ఎర్న్‌డ్ రన్స్, అంటే ఫీల్డర్ల తప్పుల వల్ల కాకుండా వచ్చిన రన్స్) చూసి జట్టును అంచనా వేయవచ్చా అని అడిగాను. జవాబులు ఇచ్చినవాళ్లందరికీ ధన్యవాదాలు. తేలింది ఇది.

అసలు తప్పు నేను లెక్కలు వేసుకున్న షీట్‌లోనే ఉంది. బాక్స్ స్కోర్‌లో (మ్యాచ్ అంకెల పట్టికలో) 3.1 ఇన్నింగ్స్ అంటే మూడు ఇన్నింగ్స్, ఒక ఔట్. దశాంశం కాదు. 4 ఎర్న్‌డ్ రన్స్ ఇచ్చిన పిచ్చర్‌కు 36ను (4×9) 3.1తో భాగిస్తే 11.61 వస్తుంది, సరైనది 10.80. అందుకే ఇన్నింగ్స్ బదులు ఔట్లు నమోదు చేయాలి: ఎర్న్‌డ్ రన్స్‌ను 27తో (తొమ్మిది ఇన్నింగ్స్‌లోని ఔట్లు) గుణించి ఔట్లతో భాగిస్తే చాలు. అదే పిచ్చర్ తర్వాతి మ్యాచ్‌లో 6 ఇన్నింగ్స్ రన్ ఇవ్వకుండా వేస్తే ఈఆర్‌ఏ 3.86కు దిగుతుంది. ఒక్క మ్యాచ్‌కే ఇంత తేడా!

బ్యాటర్లదీ అంతే. 16 ఎట్-బ్యాట్‌లలో (వాక్‌ల వంటివి లెక్కలోకి రాని బ్యాటింగ్ అవకాశాలు) 7 హిట్లు వస్తే యావరేజ్ .438, అందులో రెండు బంతులు ఫీల్డర్ చేతికి చిక్కి ఉంటే .313. కాబట్టి ముందు స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్ ఔట్ కావడం), వాక్‌లు (నాలుగు బాల్స్‌తో బ్యాటర్‌కు ఊరికే మొదటి బేస్ దక్కడం) చూడాలి. అవి ఫీల్డర్ల మీద ఆధారపడవు, త్వరగా నిలకడకు వస్తాయి.

శుక్రవారం సాధారణంగా ప్రత్యర్థి ఏస్ (జట్టులో మేటి పిచ్చర్) వేస్తాడు, మంగళవారం తరచూ కొత్తవాళ్లు. ఈ రెండింటినీ కలిపేయకూడదు. చలిలో బంతి తక్కువ దూరం పోతుంది కనుక హోమ్ రన్‌లు తగ్గితే కంగారు అక్కర్లేదు. స్టార్టర్‌ను (మ్యాచ్ మొదలుపెట్టిన పిచ్చర్‌ను) నాలుగో ఇన్నింగ్స్‌లోనే తీసేసినా చాలాసార్లు అది పిచ్ కౌంట్ (వేసిన బంతుల సంఖ్య) పరిమితే.