పాలీకార్బొనేట్ డోమ్ నిండా బుడగలు, తప్పెక్కడ?

ప్రశ్న (గుంటూరు)
క్లయింటు ఇంట్లో మెట్ల గది పైన మీటరు వెడల్పు స్కైలైట్. చదును గాజు వద్దు, డోమ్ పెడదామని నేనే ఒప్పించాను. సైన్‌బోర్డుల షాపులో ముందు అక్రిలిక్‌తో చిన్న నమూనా చేయిస్తే అద్దంలా వచ్చింది. కోతులు గెంతినా పగలదని అసలుది 3 మి.మీ. పాలీకార్బొనేట్‌తో చేయమన్నా. ఓవెన్‌లోంచి తీసి చూస్తే షీటు లోపలంతా ఆవగింజలంత బుడగలు! రెండు షీట్లు పోయాయి. షాపాయనేమో "షీటే డూప్లికేట్ సార్" అంటున్నాడు. నిజమేనా?

జవాబు (వర్క్‌షాప్, బాలానగర్)
షీటుని తిట్టకండి సార్, అది పీల్చుకున్న తేమే ఆ బుడగలు. అక్రిలిక్ 160 డిగ్రీల దగ్గరే వంగుతుంది, కొంచెం తేమ ఉన్నా ఓర్చుకుంటుంది. పాలీకార్బొనేట్‌కి 180 దాటాలి. అంత వేడికి లోపలి నీరు ఆవిరై ఉబ్బుతుంది. రెండు వైపులా అంటించి ఉన్న ప్లాస్టిక్ ఫిల్మ్ పీకేసి, షీట్ల మధ్య గాలి ఆడేలా పెట్టి, 120 దగ్గర నాలుగైదు గంటలు ఆరబెట్టించండి. 6 మి.మీ. అయితే రాత్రంతా పెట్టినా చాలకపోవచ్చు. ఆరినది ఆరినట్టే వేడి చేసి వంచేయాలి. ఒక వానాకాలం నేను ఆరబెట్టి, "రేపు చూద్దాంలే" అని గోడకి ఆనించా. మర్నాడు మళ్లీ అవే బుడగలు. అప్పట్నుంచి ముందు బొటనవేలంత ముక్క కోసి, దాన్ని ఓవెన్‌లో కాల్చి చూశాకే పెద్ద షీటు లోపల పెడతా.

జవాబు (ఆర్కిటెక్ట్, విశాఖ)
అసలు అక్రిలిక్‌నే ఎందుకు వదిలేశారు? ఆస్ట్రియాలో గ్రాజ్ నగరంలో పీటర్ కుక్, కొలిన్ ఫోర్నియర్‌ల ఆర్ట్ మ్యూజియం (2003) నీలి పైకప్పంతా వేడితో వంచిన అక్రిలిక్ పలకలే.

ప్రశ్న అడిగినవారు
అక్కడ కోతులు ఉండవు కదండీ! బాలానగర్ అన్నా, మోల్డ్ దేంతో చేయించమంటారు? చెక్క గీతలు పడతాయేమో.

జవాబు (వర్క్‌షాప్, బాలానగర్)
డోమ్‌కి మోల్డ్ ఎందుకు తమ్ముడూ? అంచులు రింగులో బిగించి కింద నుంచి గాలి కొట్టిస్తే అదే ఉబ్బుతుంది, ఏ గీతా ఉండదు. మరీ ఎత్తు లేపకండి, నడినెత్తిన పలచనైపోతుంది. త్వరగా చల్లారే సరుకు, చేతులు చురుగ్గా ఆడాలి. ఫిల్మ్ పీకే ముందే యూవీ వైపు (ఎండకి పాడవకుండా పూత ఉన్న వైపు) ఏదో మూలన గుర్తు పెట్టుకోండి, అది ఆకాశం వైపు ఉండాలి. స్క్రూ రంధ్రాలు వదులుగా వేయించండి. మన ఎండకి మీటరు షీటు రెండున్నర మి.మీ. దాకా సాగుతుంది.

ప్రశ్న అడిగినవారు
ముక్క ఆరబెట్టి కాల్చి చూశాం, ఒక్క బుడగ లేదు! షాపాయన మాత్రం ఐదు గంటల కరెంటు బిల్లు విడిగా వేస్తానంటున్నాడు.