14 నెలల పాప ఇంకా నడవలేదు: వాకర్ ఎక్కించాలా, వద్దా?

వైనతేయ_తీరం
మా పాపకి 14 నెలలు నిండాయి. గోడ పట్టుకుని నిలబడుతుంది. మంచం పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తుంది. చెయ్యి వదిలిస్తే అక్కడే కూర్చుండిపోతుంది. పాప రాజోలు దగ్గర మా అమ్మ వాళ్ళింట్లో ఉంటుంది. నావీ మా ఆయనవీ హైదరాబాద్‌లో ఉద్యోగాలు, సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళొస్తుంటాం. పోయిన ఆదివారం పాలకొల్లు నుంచి మా అత్తగారు వచ్చి ప్లాస్టిక్ వాకర్ ఇచ్చి వెళ్ళారు. "ఇంకా నడవకపోవడం ఏమిటి, నడిపించేవాళ్ళు లేకపోతే ఎలా నడుస్తుంది" అన్నారట. మా అమ్మకి ఆ మాట గుచ్చుకుంది. ఎక్కించమంటావా వద్దంటావా అని రోజూ ఫోన్. ఇల్లు పాతది, ఎత్తు అరుగు. మెట్లు దిగితే వీధి, వీధి దాటితే పంట కాలువ. వాడినవాళ్ళూ, వద్దనేవాళ్ళూ కారణం కూడా చెప్పండి ప్లీజ్.

కొబ్బరితోట
ఎదురుగా కాలువ పెట్టుకుని పిల్లకి చక్రాలు కట్టడమేంటండీ.

లంక_మాస్టారు
అమ్మా, నేను బడిపంతులుగా రిటైరైనవాణ్ణి. పిల్లల్ని చూడటమే నా ఉద్యోగం. మా ఇంట్లో నలుగురు పిల్లలూ బండి తోసుకుంటూనే నడక నేర్చారు. అంతర్వేది తీర్థంలో కొన్న మూడు చక్రాల చెక్క బండి. పెద్దవాడికి కొన్నది చిన్నదాని దాకా పనికొచ్చింది, తర్వాత మా తమ్ముడి పిల్లలకి ఇచ్చాం. ఎవరి కాళ్ళూ వంకర పోలేదు, ఎవరూ కాలవలో పడలేదు. ఇప్పుడు ప్రతిదానికీ భయపెడుతున్నారు. నడవని పిల్లకి ఆసరా ఇవ్వడం తప్పెలా అవుతుంది? నిక్షేపంగా ఇవ్వండి.

ఫిజియో_భీమవరం
మాస్టారూ, ఆవిడ అడిగింది సీటున్న ప్లాస్టిక్ వాకర్ గురించి. మీరు చెప్పేది వెనక నిలబడి తోసే బండి. రెండూ ఒకటి కాదు.

వైనతేయ గారూ, ముందు వయసు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల పిల్లల్ని గమనించి 2006లో లెక్కలు ప్రచురించింది. అందులో మన ఢిల్లీ పిల్లలు కూడా ఉన్నారు. ఆసరా లేకుండా నడక 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. మీ పాప పట్టుకుని నిలబడుతోంది, పట్టుకుని నడుస్తోంది. అంటే వరసలోనే ఉంది. 18 నెలలు నిండినా నడవకపోతే పిల్లల డాక్టరుకి చూపించాలి. ఒక కాలు ఈడుస్తున్నా, ఒళ్ళు మరీ మెత్తగా వేలాడుతున్నా, బిగుసుకుపోతున్నా, నిన్న చేసిన పని ఇవాళ చెయ్యలేకపోతున్నా అంతదాకా ఆగకూడదు.

ఇక వాకర్. అందులో పిల్ల నిలబడదు, సీటులో వేలాడుతూ మునివేళ్ళతో నేల తన్నుతుంది. నడకకి కావాల్సింది తొడలు, తుంటి బలం, పడబోతూ నిలదొక్కుకోవడం. అవేవీ అందులో రావు. తన పాదాలు తనకి కనపడవు కూడా. పైగా సెకనుకి మూడు అడుగుల కంటే వేగంగా దూసుకుపోగలదు. మీరు వంటింట్లోంచి లేచేలోపు అరుగు అంచున ఉంటుంది. కెనడాలో 2004 నుంచి ఇలాంటి వాకర్లు అమ్మడమే నిషేధం.

లంక_మాస్టారు
కెనడా వాళ్ళ ఇళ్ళు వేరు, మన ఇళ్ళు వేరు. వాళ్ళకి మేడ మెట్లుంటాయి, కింద నేలమాళిగ ఉంటుంది. మనది పెంకుటిల్లు. ఆ నిషేధం చెక్క బండికి వర్తిస్తుందో లేదో ముందు చెప్పండి.

ఫిజియో_భీమవరం
వర్తించదు. కానీ ఆవిడ దగ్గర ఉన్నది చెక్క బండి కాదు.

లంక_మాస్టారు
వర్తించదన్నారు కదా. చాలు.

తణుకు_బుల్లోడు
మాస్టారు బండి దిగేలా లేరు 😀

పెనుగొండ_నానమ్మ
ఇంతమంది రాశారు గానీ, ఆ పిల్లని రోజంతా చూసే మనిషి గురించి ఒక్కరూ రాయలేదు. పిల్ల చంకలో ఉంటే అన్నం వార్చేదెవరు? స్నానానికి వెళ్ళాలంటే ఎవరికి అప్పజెప్పాలి? పాకే పిల్ల వెనక వంగి వంగి తిరిగితే సాయంత్రానికి నడుం ఉండదు. వాకర్‌లో కూర్చోబెడితే పావుగంట చేతులు ఖాళీ. అందుకు కొంటారు దాన్ని, నడక కోసం కాదు. మీ అమ్మగారిని అడిగారా, ఆవిడకి ఎలా ఉందో?

వైనతేయ_తీరం
అడిగానండీ. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఆ పావుగంట తనకీ కావాలి. అందుకే నాకు టెన్షన్, వద్దని తేలిగ్గా అనలేకపోతున్నాను.

ఫిజియో_భీమవరం
నానమ్మ గారి మాట నిజం. కానీ ఆ పావుగంట ఇంకోలా కూడా దొరుకుతుంది. నాలుగు వైపులా కటకటాలున్న మంచంలో బొమ్మలేసి కూర్చోబెట్టవచ్చు. లేదా ఒక గదిలో చాప పరిచి, గడపకి అడ్డంగా చెక్క బిగించండి. పట్టుకుని లేవడానికి బరువైన పీట ఒకటి ఉంచండి, తోస్తే కదలనిది. బూట్లు వద్దు, ఇంట్లో ఒట్టి కాళ్ళతో తిరగనివ్వండి. దొడ్లో పాకుడు పట్టిన చోటికి మాత్రం వదలకండి.

కువైట్_నర్సాపురం
వాకర్ ఉన్నా లేకపోయినా ముందు అరుగుకి గేటు పెట్టించండి. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు పిల్లలు అందులో దిగి ఆడతారు, మనమూ ఏమీ అనం. జూన్‌లో నీళ్ళు వదిలాక కూడా ఆ అలవాటు పోదు. పెద్దవాళ్ళకీ పోదు. నడక రాని పిల్ల ఒకచోట ఉంటుంది. మీకు అసలు భయం నడక వచ్చాకే.

కొబ్బరితోట
గేటుకి గడియ పైన పెట్టించండి, కింద కాదు.

లంక_మాస్టారు
గేటు మంచిదే. గేటు ఉంటే అరుగు మీద చెక్క బండి తోలుకోవచ్చు.

ఫిజియో_భీమవరం
మాస్టారూ, మీ బండి గురించి కూడా చెప్తాను, లేకపోతే మీరు ఊరుకోరు. తనంతట తాను నిలబడగలిగిన పిల్లకి, పక్కన మనిషి ఉన్నప్పుడు, గచ్చు మీద కాకుండా మట్టి నేల మీద అయితే పెద్ద ఇబ్బంది లేదు. నున్నటి టైల్స్ మీద బండి ముందుకు పరిగెడుతుంది, పిల్ల వెనకాల బోర్లా పడుతుంది.

లంక_మాస్టారు
మా ఇంట్లో టైల్స్ లేవు.

తణుకు_బుల్లోడు
మాస్టారింట్లో పాపని ఉంచేస్తే సరి, గొడవ తీరిపోతుంది.

పెనుగొండ_నానమ్మ
చాప వెయ్యాలి, చెక్క బిగించాలి, గేటు పెట్టాలి, బూట్లు వెయ్యకూడదు. బాగుంది. ఇవన్నీ చేసేది ఎవరు? మళ్ళీ ఆ అమ్మమ్మే. నాకు ఈ పట్టికలు తెలుసు. నా మనవణ్ణి మూడో నెల నుంచి మాటలు వచ్చేదాకా నేనే పెంచాను. రాత్రి జ్వరం వస్తే తడిగుడ్డ వేస్తూ కూర్చున్నది నేను. బెంగుళూరు నుంచి కోడలు రోజుకొక పట్టిక పంపేది, ఏం పెట్టాలి, ఎన్నింటికి పడుకోబెట్టాలి, ఫోన్ చూపించి తినిపించకూడదు అని. ఒకరోజు వచ్చి, ఇక బడిలో వేస్తామని తీసుకెళ్ళిపోయారు. నన్ను అడగలేదు, చెప్పారు. ఇప్పుడు వీడియో కాల్‌లో వాడు నన్ను చూసి వాళ్ళమ్మ వెనక దాక్కుంటాడు. పెంచడానికి మేము కావాలి, మా మాట మాత్రం వద్దు. ఈ కాలం తల్లులంతా ఇంతే.

వైనతేయ_తీరం
నానమ్మ గారూ, మీ కోడలి మీద కోపం నా మీద చూపించకండి. నేను మా అమ్మకి పట్టిక పంపలేదు. సలహా అడిగింది కూడా అమ్మ కోసమే. ఉద్యోగం మానేసి పాపని చూసుకోమని చెప్పడం తేలిక. ఇంటి లోన్ ఇద్దరి జీతాల మీద ఉంది.

పెనుగొండ_నానమ్మ
ఉద్యోగం మానమని నేను అనలేదే! నువ్వే అనుకున్నావు.

వైనతేయ_తీరం
అందరూ అనేది అదేగా, నోటితో అనకపోయినా. సరే, దాచడమెందుకు. ఈ వాకర్ నడక కోసం కాదు, మా అమ్మ చేతులు ఖాళీ అవడానికీ కాదు. సంక్రాంతికి పాలకొల్లులో అడుగుల అరిసెలు పెట్టాలని మా అత్తగారి పట్టు. బంధువులకి చెప్పేశారట. పాప అప్పటికి నడవకపోతే పరువు పోతుందని వాకర్ తెచ్చారు. "నడిపించేవాళ్ళు లేరు" అని మా అమ్మని అనడం కూడా అందుకే. నా కూతురి కాళ్ళు ఎవరి పరువు కోసమూ లేవు.

కొబ్బరితోట
అదీ అసలు సంగతి.

తణుకు_బుల్లోడు
కొత్త బియ్యం అరిసెలా! సంక్రాంతికి పాలకొల్లు వచ్చేస్తున్నా.

పెనుగొండ_నానమ్మ
ఒక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోకు. బోర్లా పడినప్పుడు బొబ్బట్లు ఎక్కడ పంచారు?

వైనతేయ_తీరం
అమ్మ వాళ్ళింట్లో. పాప ఉన్నది అక్కడే కదా.

పెనుగొండ_నానమ్మ
అన్నప్రాసన?

వైనతేయ_తీరం
అదీ అక్కడే. వాళ్ళందరినీ పిలిచాం, వచ్చారు కూడా.

పెనుగొండ_నానమ్మ
పిలిస్తే వచ్చారు. చుట్టాల్లాగా వచ్చి భోంచేసి వెళ్ళారు. గడప దాటినప్పుడు గారెలు కూడా అక్కడే వండి ఉంటారు. చించినాడ వంతెన దాటితే పాలకొల్లే కదా అమ్మాయ్, ఎంత దూరమని? నీ కూతురు నాన్నమ్మ ఇంట్లో ఎన్ని రాత్రులు పడుకుంది? ఆవిడకి మిగిలింది అరిసెలొక్కటే. అది కూడా మీ పుట్టింట్లోనే చేసేస్తారేమోనని ఆవిడ భయం. వాకర్ తేవడం తప్పే, మీ అమ్మని ఆ మాట అనడం ఇంకా తప్పు. కానీ పరువు అని తేల్చేశావు చూడు, అది పరువు కాదు.

వైనతేయ_తీరం
పాపని చూసుకోమని మొదట అడిగింది మా అత్తగారినే. మామయ్య గారికి ఒంట్లో బాగోలేదు, నావల్ల కాదన్నారు. అప్పుడు కాదన్నది ఎవరు? ఇప్పుడు వేడుక మాత్రం కావాలంటే ఎలా? రాత్రుళ్ళు మేలుకునేది మా అమ్మ, అరిసెల మీద నడిపించి ఫొటో దిగేది వాళ్ళు.

పెనుగొండ_నానమ్మ
జబ్బు మనిషిని చూసుకుంటూ కాదంది. నువ్వు ఉద్యోగం వల్ల దగ్గర లేవు, ఆవిడ మొగుడి జబ్బు వల్ల దగ్గర లేదు. నీది కారణం, ఆవిడది సాకా?

కువైట్_నర్సాపురం
ఇద్దరూ కొంచెం ఆగండి. నా కొడుకు నడిచినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. రూముకొచ్చి చూసుకుంటే ఫోన్లో వీడియో ఉంది. అరిసెలు మా ఇంట్లో చేశారా, అత్తవారింట్లో చేశారా అన్నది నాకు ఇప్పటికీ గుర్తులేదు. వీడియోలో వాడు పడ్డాడు, ఎవరో నవ్వారు. ఆ నవ్వింది ఎవరని మా ఆవిడతో పోట్లాడాను. దూరంగా ఉన్నవాళ్ళకి ఏదో ఒకదాని మీద కోపం రావాలి, వస్తుంది.

ఫిజియో_భీమవరం
కుటుంబ విషయాల్లో నేను దూరను. లెక్క మాత్రం చెప్తాను. సంక్రాంతికి పాపకి 17 నెలలు. చాలామంది పిల్లలు ఆ పాటికి వాకర్ లేకుండానే నడిచేస్తారు. వాకర్ నడకని తొందరపెట్టదు, కొందరిలో ఆలస్యం చేస్తుంది. అంటే పండక్కి పాప నడవాలని కోరుకునేవాళ్ళు మొదట పక్కన పెట్టాల్సింది ఆ వాకర్‌నే. ఇది మీ అత్తగారికి చెప్పి చూడండి, మీ అమ్మగారి పేరు ఎత్తకుండా.

వైనతేయ_తీరం
మా ఆయన చెప్తారు. అత్తగారితో నాకు పలకరింపులే తప్ప మాటలుండవు.

పెనుగొండ_నానమ్మ
కొడుకు చేత చెప్పించకు. కొడుకు చెప్తే కోడలు చెప్పించిందనే వింటుంది. నేనైతే అలాగే విన్నాను.

వైనతేయ_తీరం
నేను చెప్తే వినాలని రూలేం లేదు కదండీ.

పెనుగొండ_నానమ్మ
వినకపోవచ్చు. వాకర్ వద్దని చెప్పే ఫోన్లోనే, అరిసెల పాకం ఎవరు పడతారో కూడా అడుగు. మీ అమ్మని పాలకొల్లు తీసుకెళ్ళు. అరిసెలు ఇద్దరూ కలిసి వత్తుతారో, పాకం దగ్గర కొట్టుకుంటారో వాళ్ళిష్టం.

వైనతేయ_తీరం
మా అమ్మ రానంటుంది. ఆ మాట అన్నాక ఆ గడప తొక్కనంది.

లంక_మాస్టారు
వియ్యపురాళ్ళ మధ్య మనమెందుకు? వాకర్ తిరిగి ఇచ్చేస్తే అత్తగారు నొచ్చుకుంటారు కాబట్టి, దాన్ని అటక మీద పెట్టి, ఆవిడ చేతే ఒక చెక్క బండి కొనిపించండి. ఇద్దరి మాటా నిలబడుతుంది.

ఫిజియో_భీమవరం
ఇప్పటిదాకా మీరు రాసినవాటిలో ఇదొక్కటీ పనికొచ్చే మాట మాస్టారూ.

లంక_మాస్టారు
మొదటి నుంచీ నేను చెప్తున్నది అదే.

వైనతేయ_తీరం
వాకర్ చక్రాలు తీయించేసి అటక మీద పెట్టమన్నాను. అరుగుకి గేటు కొలతలు రేపు తీస్తారు. పాలకొల్లుకి ఫోన్ ఇంకా చెయ్యలేదు. చేస్తానో లేదో కూడా తెలియదు.

గౌతమి_గట్టు
నమస్తే అండీ, ఇప్పుడే చేరాను. మా బాబుకి ఎనిమిదో నెల. పైన చెప్పిన వాకర్ ఎంత ఉంటుంది? అమలాపురంలో దొరుకుతుందా?

ఫిజియో_భీమవరం
పైనంతా చదివే అడుగుతున్నారా?