ప్రమోషన్‌కి సమ్మిళిత బోధన శిక్షణ తప్పనిసరి చేయాలా?

సీతమ్మధార_ఫిజిక్స్:
మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఇదే గొడవ నడుస్తోంది, కానీ అక్కడ సీనియర్లుంటారు కాబట్టి ఎవరూ నోరు విప్పరు, అందుకే ఇక్కడ పెడుతున్నా. బడిలో చెప్పాలంటే డీఎడ్ గానీ బీఎడ్ గానీ ఉండాలి. డిగ్రీ, పీజీ క్లాసులకి నెట్ అనే అర్హత పరీక్ష గానీ పీహెచ్‌డీ గానీ ఉంటే చాలు, పాఠం ఎలా చెప్పాలో మనకెవరూ నేర్పలేదు. కాలేజీ, యూనివర్సిటీ టీచర్ల కోసం 2023లో మొదలైన మాలవీయ మిషన్ శిక్షణలో ఎనిమిది అంశాలున్నాయి, అందులో విద్యార్థుల వైవిధ్యం, సమ్మిళిత విద్య ఒకటి, అంటే ఎలాంటి పిల్లలున్నా అందరికీ అందేలా పాఠం చెప్పడం. ఆ ఒక్కటీ అందరికీ తప్పనిసరి చేసి ప్రమోషన్‌కి ముడిపెట్టాలని నా వాదన. ఇష్టమున్నవాళ్లే రండి అంటే ఇప్పటికే బాగా చెప్పేవాళ్లే వెళ్తారు.

పాతకాపు_వాల్తేరు:
మనకి శిక్షణ ఇచ్చే కేంద్రాన్ని ముందు అకడమిక్ స్టాఫ్ కాలేజీ అన్నారు, 2015లో హెచ్ఆర్‌డీసీ అన్నారు, ఇప్పుడు మాలవీయ. బోర్డు మారింది గానీ లోపల తంతు అదే. ఆన్‌లైన్ వచ్చాక మరీ హాయి, లాగిన్ అయి కెమెరా ఆపేసి వంకాయలు తరుక్కోవచ్చు, చివర్లో క్విజ్ జవాబులు గ్రూపులోకి వాటంతటవే వచ్చేస్తాయి. ఇప్పటికే ప్రమోషన్‌కి ఓరియంటేషన్, రిఫ్రెషర్ కోర్సులు కావాలి కదా, వాటివల్ల ఎవరి పాఠం మారిందో ఒక్కరు చెప్పండి. పైగా క్లాసులో డెబ్భై మంది, మైకు లేదు, ఒక్కొక్కరికీ ఒక్కోలా చెప్పమంటే నావల్ల కాదు బాబూ.

మద్దిలపాలెం_మేడమ్:
ఒక్కొక్కరికీ ఒక్కోలా చెప్పమని ఎవరన్నారండీ? నేను చూసిన ఒక క్లాసు సంగతి చెప్తాను. ఎకనామిక్స్, స్లైడ్ మీద గ్రాఫ్, సార్ లేజర్ లైటు తిప్పుతూ "ఇది ఇలా వచ్చి ఇక్కడికి దిగింది, చూశారుగా" అంటున్నారు. రెండో బెంచీలో చూపు లేని కుర్రాడు ఫోన్లో రికార్డ్ చేసుకుంటున్నాడు. ఇంటికెళ్లి విన్నా వాడికి వినపడేది "ఇలా, ఇక్కడ" అనే మాటలే. "ధర పెరిగేకొద్దీ డిమాండ్ తగ్గుతుంది, అందుకే గీత ఎడమ పైనుంచి కుడి కిందికి దిగింది" అంటే పది సెకన్లు ఎక్కువ పడుతుందేమో, వెనక బెంచీవాళ్ల నోట్సు కూడా బాగుపడుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉన్నత విద్యలో కనీసం 5 శాతం సీట్లు ఇవ్వమంది. సీటిచ్చి గీత చూడమంటే ఎలా?

పాడేరు_కుర్రోడు:
సార్లూ మేడమ్‌లూ, స్టూడెంట్‌ని, మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. ఇంట్లో ఆదివాసీ ఒడియా, ఇంటర్ దాకా తెలుగు మీడియం. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం చేసేశారు కదా. "అర్థమైందా" అంటారు, అందరం "ఎస్ సార్" అంటాం, ఆయన బోర్డు తుడిచేస్తారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. ఒక మేడమ్ మాత్రం ప్రశ్న వేసి, పక్కవాడితో మీకొచ్చిన భాషలో రెండు నిమిషాలు మాట్లాడుకుని తర్వాత చెప్పండి అనేవారు. నేను క్లాసులో నోరు తెరిచింది ఆ పీరియడ్‌లోనే. ఆవిడ ట్రైనింగ్‌కి వెళ్లారో లేదో నాకు తెలీదు.

పాతకాపు_వాల్తేరు:
తమ్ముడూ, నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ దాన్ని ఇంగితం అంటారు, దానికి సర్టిఫికెట్ ఎందుకు?

సీతమ్మధార_ఫిజిక్స్:
ఇంగితం అందరికీ ఉంటే ఈ చర్చే ఉండేది కాదు సార్. అమెరికాలో సైన్స్, ఇంజనీరింగ్ డిగ్రీ క్లాసుల మీద వచ్చిన చాలా అధ్యయనాలని కలిపి 2020లో ఒక విశ్లేషణ వేశారు. పిల్లల చేత మాట్లాడించి, లెక్క చేయించి పాఠం నడిపితే వెనకబడిన వర్గాల పిల్లలకీ మిగతావాళ్లకీ పరీక్ష మార్కుల్లో ఉండే తేడా 33 శాతం తగ్గిందని తేలింది.

పాతకాపు_వాల్తేరు:
అది ఆ పద్ధతి పనిచేస్తుందని చెప్తోంది. వారం రోజులు జూమ్‌లో కూర్చున్నవాడు ఆ పద్ధతి పాటిస్తాడని ఎక్కడ చెప్తోంది?

గెస్ట్_గాజువాక:
మీరంతా ప్రమోషన్ అంటున్నారు, నేను గెస్ట్ లెక్చరర్‌ని, నాకది లేనే లేదు. పీరియడ్‌కి ఇంత అని ఇస్తారు, సెలవుల్లో అదీ రాదు. మా కాలేజీలో ఫస్టియర్ సెక్షన్లు ఎక్కువ మా గెస్టులకే పడతాయి, అంటే ఇప్పుడే తెలుగు మీడియం నుంచి వచ్చి బిక్కుబిక్కుమంటున్న పిల్లలు మా దగ్గరే ఉంటారు. మీ రూలు మమ్మల్ని తాకదు. నేను శిక్షణకి వెళ్తే ఆ రోజుల జీతం పోతుంది. ముందు ఆ గంటలకి డబ్బివ్వండి. తర్వాత సర్టిఫికెట్ పక్కనపెట్టి, తోటి లెక్చరర్ ఒకరు వెనక కూర్చుని ఎవరు మాట్లాడారు, ఎవరు అసలు నోరెత్తలేదు అని రాసి, ఆ కాగితం నా చేతికే ఇస్తే నాకది చాలు.

మద్దిలపాలెం_మేడమ్:
వెనక కూర్చుని రాసివ్వడం నాకు నచ్చింది. దానికి ఖర్చు కూడా లేదు.

సీతమ్మధార_ఫిజిక్స్:
గెస్టులకి డబ్బివ్వాలన్నది నా డిమాండ్‌లో కలుపుతున్నా. ప్రమోషన్ ముడి మాత్రం వదలను, అది లేకపోతే వెనక కూర్చోడానికైనా ఎవరు రానిస్తారు?

పాతకాపు_వాల్తేరు:
నేను రానిస్తాను, మా క్లాసుకి ఎవరైనా రావచ్చు. కానీ కాలేజీకి గ్రేడ్ ఇచ్చే నాక్ టీం వచ్చే ముందు ఆ కాగితాలన్నీ ఫైల్లో పెట్టమని ప్రిన్సిపల్ అడిగితే ఏం చేద్దాం? గెస్ట్ తమ్ముడి కాగితం ఆయన టేబుల్ మీదికి వెళ్తే, వచ్చే ఏడు ఆయన్ని మళ్లీ తీసుకునే రెన్యువల్ అప్పుడు అదే బయటికి తీస్తారు. దీనికి జవాబు చెప్పండి ముందు.