కంట్రోల్స్ చదివి సింథటిక్ బయాలజీ ల్యాబ్‌లో చేరినవాళ్లకి

ప్రశ్న: ఈ సెమిస్టర్‌లోనే పీహెచ్‌డీకి వచ్చాను. చదివింది కంట్రోల్ సిస్టమ్స్ (యంత్రాల్ని కోరిన స్థితిలో నిలిపి ఉంచే ఇంజినీరింగ్), చేరింది సింథటిక్ బయాలజీ ల్యాబ్‌లో (కణాల్లో కొత్త జన్యు సర్క్యూట్లు కట్టేచోట). గ్రూప్ మీటింగ్‌లో సగం మాటలు అర్థం కావట్లేదు, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: తమ్ముడూ, చదివిందేమీ వృథా పోదు. బ్యాక్టీరియా రసాయనాల జాడ పట్టి ఈదేటప్పుడు పరిసరాలకు సర్దుకోవడం వెనక ఉన్నది ఇంటెగ్రల్ ఫీడ్‌బ్యాకేనని, అంటే ఎర్రర్‌ని (కావాల్సినదానికీ వచ్చినదానికీ ఉన్న తేడాని) కూడుకుంటూ పోయి దాన్ని సున్నాకి తెచ్చే పద్ధతేనని, 2000లోనే కంట్రోల్ శాస్త్రవేత్త జాన్ డోయల్ వాళ్లు చూపించారు.

నీకు ముందు తగిలే చిక్కు తీసివేత. బోర్డు మీదైతే ఎర్రర్ కోసం ఓ మైనస్ గుర్తు పెట్టేస్తాం. కణంలో గాఢత సున్నా కిందికి పోదు కదా, మైనస్ ఎక్కణ్ణుంచి తెస్తావు? 2016లో బ్రియా, గుప్తా, ఖమ్మాష్ దీనికి భలే ఉపాయం చెప్పారు. రెండు రకాల అణువులు. ఒకటి రిఫరెన్స్‌ని (కావాల్సిన విలువని) బట్టి తయారవుతుంది, రెండోది అవుట్‌పుట్‌ని బట్టి. ఎదురుపడితే ఒకదాన్నొకటి పట్టుకుని రెండూ పనికిరాకుండా పోతాయి. రెండింటి సంఖ్యల తేడా ఎర్రర్‌ని కూడుకుంటూ పోతుంది. అదే నీ ఇంటెగ్రేటర్! 2019లో ఖమ్మాష్ బృందం దీన్ని ఇ.కోలై బ్యాక్టీరియాలో సిగ్మా, యాంటీ సిగ్మా ఫ్యాక్టర్ల జంటతో (జన్యువుని ఆన్ చేసే ప్రోటీన్, దాన్ని పట్టి ఆపేసే ప్రోటీన్) కట్టింది. అదుపులో పెట్టిన ప్రోటీన్‌ని ఓ ప్రోటియేజ్ (ప్రోటీన్లని కోసే ఎంజైమ్) నరికేస్తున్నా దాని ప్రభావం అవుట్‌పుట్ మీద పెద్దగా పడలేదు.

అసలు మెలిక ఇక్కడుంది. మన ప్లాంట్, అంటే మనం అదుపు చేయాల్సిన కణం, పెరుగుతుంది, రెండుగా చీలుతుంది. మంచి మీడియంలో ఇ.కోలైకి అది 20 నిమిషాల పని. కణం పెరిగినకొద్దీ లోపలి అణువులు పలచబడతాయి, సమీకరణంలో ఓ మైనస్ గామా జెడ్ (గామా పలచబడే రేటు, జెడ్ ఇంటెగ్రేటర్ విలువ) వచ్చి కూర్చుంటుంది. అంటే ఇంటెగ్రేటర్ లీకవుతోంది, స్టెడీ స్టేట్ ఎర్రర్ సున్నాకి రాదు. పేపర్లో "పర్ఫెక్ట్ అడాప్టేషన్" (ఏది మారినా అవుట్‌పుట్ తిరిగి అదే విలువకి రావడం) అని కనపడగానే ఈ పలచబడడాన్ని లెక్కలో వేశారో లేదో చూడు.

లోడింగ్ సంగతీ మరిచిపోకు. సర్క్యూట్ చివర కొత్త ప్రమోటర్లు (జన్యువుల ముందుండే డీఎన్ఏ స్విచ్‌లు) తగిలిస్తే అవి ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌ని (ఆ స్విచ్‌లు నొక్కే ప్రోటీన్‌ని) పట్టేసుకుంటాయి, వెనకున్న మాడ్యూల్ నడక మారిపోతుంది. డెల్ వెకియో, నిన్ఫా, సొంటాగ్ దీన్ని 2008లో రెట్రోయాక్టివిటీ అన్నారు. ఎలక్ట్రానిక్స్ తెలిసినవాడివి, నీకు ఐదు నిమిషాల్లో ఎక్కుతుంది.

మరొకరి జవాబు: అన్నయ్య చెప్పినవన్నీ సరే, కానీ సెన్సర్ని అంత తేలిగ్గా నమ్మకండి. మన సెన్సర్ జీఎఫ్‌పీ, అంటే ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్. అది తయారైన వెంటనే వెలగదు, వెలిగాక ఓ పట్టాన పోదు. గ్రాఫ్ మెల్లగా దిగుతుంటే అది సర్క్యూట్ నెమ్మదా, జీఎఫ్‌పీ పలచబడడమా అన్నది మీరే తేల్చుకోవాలి. సిమ్యులేషన్‌కి కూర్చునే ముందే ఎవరి పక్కనైనా నిలబడి ప్లేట్ రీడర్ (కల్చర్ల వెలుగు, చిక్కదనం కొలిచే పరికరం) నేర్చుకోండి. ఫ్లోరోసెన్స్‌ని (ఆ వెలుగుని) ఓడీతో (కల్చర్ ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలతతో) భాగించని గ్రాఫ్ మాత్రం గైడ్‌కి చూపించొద్దు.