తాతయ్య తమ్ముడి పిల్లల్ని ఎలా వెతకాలి?

తాతయ్య పోయాక ఆయన పెట్టెలో ఒక పాత ఫోటో దొరికింది, వెనకాల పెన్సిల్‌తో "తమ్ముడు" అని రాసుంది అంతే, ఆయన గురించి నాన్నక్కూడా ఏమీ తెలీదు. వాళ్ళ పిల్లలు ఎక్కడో ఉండే ఉంటారు కదా, నాకు నిజంగా కలవాలనుంది. నేను డీఎన్‌ఏ టెస్ట్ చేయించుకుంటే దొరుకుతారా?

జవాబు 1: ముందు పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. "ఎవరైనా గుర్తున్నారా" అంటే లేదనేస్తారు, ఫోటో చేతికిచ్చి కాసేపు ఊరుకోండి. మా అత్తయ్య అలాగే చూస్తూ చూస్తూ మూడు పేర్లు చెప్పేసింది. ఫోన్లో రికార్డ్ చేసుకోండి, ఫోటో వెనకవైపు కూడా స్కాన్ చేయండి.

జవాబు 2: టెస్ట్ మీకు కాదు, నాన్నగారికి చేయించండి. తాతయ్య తమ్ముడి పిల్లలు ఆయనకి ఫస్ట్ కజిన్స్, సగటున 12.5% డీఎన్‌ఏ కలుస్తుంది, వాళ్ళ పిల్లలతో మీకైతే 3% చిల్లరే. కాకపోతే అవతలివాళ్ళ డీఎన్‌ఏ వివరాలు కూడా అదే కంపెనీ డేటాబేస్‌లో ఉండాలి, లేదంటే మ్యాచ్ చూపించదు. ఈలోపు ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో వెతకండి, ఫ్రీనే.

జవాబు 3: దొరికితే మొదటి మెసేజ్ చిన్నగా పెట్టండి, ఆ ఫోటో జత చేయండి. ఆస్తి కోసమేమో అని భయపడతారు కొందరు. నాకు ఐదు నెలలకి రిప్లై వచ్చింది, తొందరపెట్టకండి.

థాంక్సండీ అందరికీ, ఇవాళ రాత్రే నాన్నతో మాట్లాడతా.