కళాశాల స్టోర్ గదిలో పేరుకున్న ఈ-వ్యర్థాలు: మీ అనుభవాలు చెప్పగలరు

గోదావరి_ల్యాబ్:
అందరికీ నమస్కారం. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్‌ల బాధ్యత చూస్తున్నాను. మా స్టోర్ గదిలో పదిహేనేళ్లుగా చేరిన సామాను ఉంది. పాత సీఆర్‌టీ (గాజు పిక్చర్ ట్యూబ్ ఉండే) మానిటర్లే 46 ఉన్నాయి. పని చేయని సీపీయూలు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు, ఖాళీ టోనర్ కార్ట్రిడ్జ్‌లు, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) విభాగం పక్కన పెట్టిన సీఆర్‌ఓలు (విద్యుత్ సంకేతాలను తెరపై చూపే పరికరాలు), యూపీఎస్ బ్యాటరీలు అందులోనే పడి ఉన్నాయి. వీటికి తోడు, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మద్దతు ముగిసినందున, విండోస్ 11కు అర్హత లేని మరో 110 కంప్యూటర్లను తీసివేయాలని యాజమాన్యం నిర్ణయించింది.

ఊళ్లోని పాత సామాను వ్యాపారి అన్నింటినీ కలిపి కిలోల లెక్కన కొంటానని వచ్చాడు. రిజిస్ట్రేషన్ ఉన్న రీసైక్లర్ చెప్పిన ధర అందులో సగం కూడా లేదు. కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందానికి చూపించడానికి, ఈ-వ్యర్థాలు తీసుకెళ్లే ఒక సంస్థతో చేసుకున్న ఒప్పంద పత్రం మా దగ్గర ఉంది గానీ, దాని మీద సంతకాలైన నాలుగేళ్లలో ఆ సంస్థ వాహనం ఒక్కసారి కూడా మా ఆవరణలోకి రాలేదు. ఈసారి ఈ పని సక్రమంగా జరగాలన్నది నా పట్టుదల. ఎక్కువ ధర వదులుకొమ్మని యాజమాన్యానికి ఏమని నచ్చజెప్పాలి? మీ కళాశాలల్లో ఈ పని ఎక్కడ మొదలుపెట్టారు?

పాత_రిజిస్టర్:
నేను ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో స్టోర్‌కీపర్‌గా చేసి రిటైరయ్యాను. నా అనుభవంలో ఈ సామాను పేరుకుపోవడానికి అసలు కారణం కొనేవాడు దొరకకపోవడం కాదు, స్టాక్ రిజిస్టర్‌లో ఉన్న వస్తువును కొట్టివేసే ధైర్యం ఎవరికీ లేకపోవడం. రేపు ఆడిట్‌లో అడిగితే ఏం చెప్పాలన్న భయంతో ప్రతి విభాగాధిపతీ పాడైన వస్తువును గదిలో పెట్టి తాళం వేస్తాడు, ఆయన బదిలీ అయ్యాక వచ్చినవారు ఆ తాళం తీయరు. కాబట్టి ముందుగా కండెమ్నేషన్ కమిటీ (వస్తువు పనికిరాదని తేల్చే కమిటీ) వేయించండి. వస్తువు పేరు, సీరియల్ నంబరు, కొన్న సంవత్సరం, పనికిరాకపోవడానికి కారణం రాసి, ప్రతి పేజీ మీద సభ్యులందరి సంతకాలు తీసుకోండి.

మా దగ్గర జరిగిన ఒక తప్పును కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో నా భాగం ఉంది. విరిగిన బెంచీలు, ఇనుప బీరువాలతో పాటు మానిటర్లను కూడా ఒకే లాటుగా వేలం వేశాము. పాడుకున్నవాడు కాయిల్‌లోని రాగి కోసం మానిటర్లను మా ప్రహరీ వెనకే పగలగొట్టించి, గాజును కాలువ గట్టున పారబోశాడు. ఆ గాజులో సీసం ఉంటుందని నాకు తర్వాత తెలిసింది. పశువులు తిరిగే చోటది. అందుకే ఈ-వ్యర్థాలను ఎప్పుడూ వేరే లాటుగా పెట్టండి, రిజిస్ట్రేషన్ ఉన్న రీసైక్లర్లు మాత్రమే పాల్గొనాలన్న షరతును టెండరులోనే రాయండి. ప్రభుత్వ సంస్థలు ఎంఎస్‌టీసీ (కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ) ఈ-వేలం ద్వారా అమ్మేటప్పుడు కూడా ఈ షరతు పెట్టుకోవచ్చు.

చర్లపల్లి_వాసి:
నేను హైదరాబాద్ శివార్లలోని ఒక రీసైక్లింగ్ యూనిట్‌లో పని చేస్తున్నాను. గోదావరి_ల్యాబ్ గారు, మీ యాజమాన్యానికి మొదట చట్టం చూపించండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 ప్రకారం, ఒక ఆర్థిక సంవత్సరంలో ఎప్పుడైనా షెడ్యూలులోని (ఆ నియమాలకు జతచేసిన జాబితాలోని) పరికరాలను 1000కి తగ్గకుండా వాడిన సంస్థ ‘బల్క్ కన్స్యూమర్’ అవుతుంది. కంప్యూటర్లే కాదు, ప్రింటర్లు, ఏసీలు, ఫ్రిజ్‌లు, ల్యాబ్ పరికరాలు కూడా లెక్కలోకి వస్తాయి కనుక, ఓ మోస్తరు ఇంజినీరింగ్ కళాశాల ఆ సంఖ్యను సులభంగా దాటుతుంది. అటువంటి సంస్థ తన ఈ-వ్యర్థాలను రిజిస్టరైన ఉత్పత్తిదారుకు, రిఫర్బిషర్‌కు (పాతవాటిని బాగు చేసి మళ్లీ వాడకానికి ఇచ్చేవారికి) లేదా రీసైక్లర్‌కు మాత్రమే అప్పగించాలి. ఎవరికి రిజిస్ట్రేషన్ ఉందో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో చూసుకోవచ్చు.

ఇక ధర విషయం. పాత సామాను వ్యాపారి ఎక్కువ ఇవ్వగలగడానికి కారణం, ఖర్చయ్యే పనులేవీ అతడు చేయకపోవడమే. రాగి కోసం వైర్లను తగలబెడతారు. వాటి పీవీసీ ప్లాస్టిక్ పూత కాలితే డయాక్సిన్లనే విష పదార్థాలు పుడతాయి. బంగారం కోసం సర్క్యూట్ బోర్డులను ఆమ్లంలో ముంచి, మిగిలిన ద్రవాన్ని మురుగు కాలువలో పోస్తారు. మా దగ్గర ఒక్కొక్క పరికరాన్ని చేత్తో విప్పి, ప్లాస్టిక్, ఇనుము, అల్యూమినియం, రాగి, బోర్డులుగా వేరు చేస్తాము. సీసం ఉన్న గాజును కొనేవారు దాదాపు లేరు. దానిని దుండిగల్ వంటి ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రానికి మేమే డబ్బు కట్టి పంపాలి. మీ 46 మానిటర్లు మాకు ఆదాయం కాదు, ఖర్చు. బోర్డుల్లోని విలువైన లోహాలను రాబట్టే సాంకేతికతపై హైదరాబాద్ చర్లపల్లిలోని సీ-మెట్ (కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ) ఏళ్లుగా పరిశోధన చేస్తోంది, కానీ ఆ స్థాయి యంత్రాలున్న కర్మాగారాలు ఇప్పటికీ తక్కువే.

మరొక మాట. కళాశాలల నుంచి వచ్చే సీపీయూల్లో చాలాసార్లు ప్రాసెసర్, ర్యామ్ ముందే మాయమై ఉంటాయి. విలువంతా వాటిలోనే ఉంటుంది కనుక మా ధర పడిపోతుంది. గదికి సీలు వేసి, లోపల ఏముందో రాసిన జాబితాతో అప్పగిస్తే మీకు నిస్సందేహంగా మెరుగైన ధర వస్తుంది. యూపీఎస్ బ్యాటరీలను మాత్రం ఇందులో కలపవద్దు. వాటికి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 వేరుగా ఉన్నాయి. కొత్త బ్యాటరీలు కొనేటప్పుడు పాతవి వెనక్కి ఇచ్చే షరతు పెట్టుకోవడం అన్నిటికన్నా తేలిక.

సిస్టమ్స్_అడ్మిన్:
అప్పగించే ముందు హార్డ్ డిస్కులన్నీ బయటకు తీయండి. మా పరీక్షల విభాగంలో కండెమ్ చేసిన ఒక కంప్యూటర్‌ను తెరిచి చూస్తే, మూడు బ్యాచ్‌ల విద్యార్థుల మార్కులు, ఆధార్ నకళ్లు, బ్యాంకు పాస్‌పుస్తకాల ఫొటోలు యథాతథంగా ఉన్నాయి. ఫార్మాట్ చేసినంత మాత్రాన సమాచారం పోదు. పని చేసే హార్డ్ డిస్కు మీద పూర్తిగా మరొక దత్తాంశాన్ని రాయించాలి. ఎస్‌ఎస్‌డీకి (చిప్‌లలో సమాచారం దాచే కొత్త రకం డిస్కుకు) ఈ పద్ధతిని నమ్మలేము, దాని తయారీదారు ఇచ్చిన సెక్యూర్ ఎరేజ్ ఆదేశాన్ని వాడాలి. పని చేయని డిస్కులను మీ మనిషి ఎదుటే ముక్కలు చేయించి, సీరియల్ నంబర్లతో ధ్రువపత్రం తీసుకోండి.

ఆ 110 కంప్యూటర్ల విషయంలో తొందరపడవద్దని నా మనవి. విద్యాసంస్థలకు మూడేళ్ల వరకు అదనపు భద్రతా నవీకరణలు కొనుక్కునే వీలుంది. లేదా లుబుంటు వంటి తేలికపాటి లినక్స్ వేస్తే సీ, పైథాన్ ల్యాబ్‌లకు అవి మరికొన్నేళ్లు చక్కగా సరిపోతాయి. మా రెండు ల్యాబ్‌లు ఇప్పుడు అలాగే నడుస్తున్నాయి.

ఓరుగల్లు_వలంటీర్:
మేము ఎన్‌ఎస్‌ఎస్ తరఫున హాస్టళ్లలో పాత చార్జర్లు, ఇయర్‌ఫోన్లు, ఫోన్లు సేకరించాము. ప్రతి బ్లాకులో ఒక ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టడం మా పొరపాటు. ఎవరో ఉబ్బిన పవర్ బ్యాంకును అందులో వేశారు, అది మధ్యాహ్నం ఎండకు వేడెక్కి పొగలు కక్కింది. అదృష్టవశాత్తు వాచ్‌మన్ గారు వెంటనే చూసి ఇసుక పోయడంతో ప్రమాదం తప్పింది. ఆ తర్వాత లిథియం బ్యాటరీలున్న వస్తువులను డ్రమ్ముల్లో వేయనివ్వడం మానేసి, వారానికి ఒక సాయంత్రం మేమే చేతికి తీసుకొని, కొనలకు టేపు అంటించి, ఇసుక ఉన్న లోహపు డబ్బాలో నీడన ఉంచుతున్నాము.

పాత కంప్యూటర్లను గ్రామాల్లోని ఉన్నత పాఠశాలలకు ఇవ్వాలనుకునేవారికి ఒక విన్నపం. మేము ఇచ్చిన 12లో 5 కంప్యూటర్లు ఆరు నెలల్లోనే మూలన పడ్డాయి, ఎందుకంటే అక్కడ బాగు చేసేవారు లేరు. ఇప్పుడు మా బృందం సెమిస్టర్‌కు రెండుసార్లు వెళ్లి మరమ్మతు చేస్తోంది. అలా వెళ్లలేనివారు దయచేసి ఇవ్వవద్దు. మన చెత్తను వారి గదికి మార్చినట్టే అవుతుంది.

గోదావరి_ల్యాబ్:
అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవన్నీ రాసుకొని ప్రిన్సిపాల్ గారి ముందు పెట్టాను. కాలువ గట్టున గాజు పారబోసిన సంగతి విన్నాక ఆయన ధర గురించి మళ్లీ మాట్లాడలేదు. కండెమ్నేషన్ కమిటీ కూర్చుంది. 110లో 64 కంప్యూటర్లకు లినక్స్ వేసి మొదటి సంవత్సరం ల్యాబ్‌లకే ఉంచుతున్నాము. మిగిలినవాటి డిస్కులు తీసి, గదికి సీలు వేశాము. ఇకపై ప్రతి ఏటా మే నెలలో, సెలవులకు ముందే, కమిటీ కూర్చోవాలని తీర్మానం రాయించాను. ఒక్క సందేహం మిగిలింది. ఎలక్ట్రీషియన్ గదిలో దాదాపు 200 కాలిపోయిన ట్యూబ్‌లైట్లు బయటపడ్డాయి. వాటిని ఏం చేయాలి?

చర్లపల్లి_వాసి:
వాటిలో పాదరసం ఉంటుంది. చోటు కలిసివస్తుందని ఎవరూ విరగ్గొట్టకుండా చూడండి. అవి కూడా ఈ-వ్యర్థాల షెడ్యూలులోనే ఉన్నాయి. కొత్త ట్యూబులు వచ్చిన అట్టపెట్టెల్లోనే సర్ది, ‘గాజు, పాదరసం’ అని పైన రాసి, జాబితాలో వేరే వరుసగా చూపండి. వాహనం వచ్చినప్పుడు మానిటర్ల కింద కాకుండా చివరగా, అన్నిటికన్నా పైన ఎక్కించమని చెప్పండి. ఒకటి రెండు ఇప్పటికే పగిలి ఉంటే, కిటికీలు తెరిచి కాసేపు గది బయటే ఉండండి. చీపురుతో ఊడవకుండా, చేతికి గ్లవుజులు వేసుకొని అట్టముక్కతో ఎత్తి, మూత గట్టిగా బిగిసే డబ్బాలో వేయండి.