అప్‌డేట్: కొత్తవారికి లినక్స్ వర్క్‌షాప్ ప్రణాళిక

విండోస్‌లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్‌ను ఇంతవరకు చూడనివారికి ఒక్కరోజు వర్క్‌షాప్ పెడుతున్నామని, ఇన్‌స్టాలేషన్‌తో మొదలుపెట్టాలా, కమాండ్లతోనా అని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

చివరికి రెండింటితోనూ కాకుండా, పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా నడిచే లైవ్ సెషన్‌తో ప్రారంభించాలని నిర్ణయించాము. హార్డ్‌డిస్కులోని ఫైళ్లను ముట్టుకోకుండానే మింట్ (లినక్స్‌లో ఒక రకం) డెస్క్‌టాప్ కళ్ల ముందు తెరుచుకుంటే, ఉన్నదంతా పోతుందేమోనన్న భయం చాలావరకు తగ్గుతుంది. నా దృష్టిలో కొత్తవారికి అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఆ భయమే. అయితే, సాధారణ లైవ్ సెషన్‌లో దాచుకున్న ఫైళ్లు కంప్యూటర్ ఆపగానే పోతాయన్న సంగతిని ముందే స్పష్టంగా చెప్పాలి.

కంప్యూటర్‌ను దేని నుంచి మొదలుపెట్టాలో ఎంచుకునే బూట్ మెనూను తెరిచే కీ ఒక్కో ల్యాప్‌టాప్‌లో ఒక్కోలా, ఎఫ్12 అనో ఎఫ్9 అనో ఉంటుంది కాబట్టి, ఎవరి మోడల్‌కు ఏది పనిచేస్తుందో ముందుగానే కనుక్కుంటున్నాము. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్కులోని సమాచారానికి తాళం వేసి ఉంచే సదుపాయం) ఉన్నవారు దాన్ని తెరిచే రికవరీ కీని వేరేచోట రాసిపెట్టుకుని రావాలి, ఎందుకంటే సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్‌ను మొదలవనిచ్చే రక్షణ) సెట్టింగ్ మార్చితే ఆ తర్వాత విండోస్ ఆ కీని అడగవచ్చు.

1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ (సిస్టమ్ మూలభాగం) విడుదల చేసిన కథకు కొద్ది నిమిషాలు చాలు. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌కు మాత్రం మధ్యాహ్నమంతా కేటాయించాము. ఫైలు పేరులో పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ ఉన్న తేడాను అక్కడ ప్రతి ఒక్కరూ స్వయంగా చేసి చూస్తారు. ఇన్‌స్టాలేషన్ కోరుకునేవారికి, బ్యాకప్ తీసుకున్నాక, మరో రోజు విడిగా చేయిస్తాము.